కార్జంలో నక్షత్రాలు

లివర్ గట్టిపడిందంటే ఇక ఇంతే సంగతులు... అనుకోవడం మనకు అలవాటు. చాలాకాలం వైద్యులూ అలాగే అనుకున్నారు. ఆ మాట పూర్తిగా నిజం కాదని ప్రయోగశాలల్లోని ఎలుకలు చూపించాయి. ఆ కథలో అటు మేలూ ఇటు కీడూ చేసే పాత్ర ఒకటే... నక్షత్రంలా ఉండే ఓ చిన్న కణం!

ఆదివారం పొద్దున్నే మటన్ షాపు ముందు కాసేపు నిలబడితే ‘కార్జం కాస్త ఎక్కువ వెయ్యి’ అని అడిగేవాళ్లు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. ఆ ముక్క ఎలా ఉంటుంది? ముదురు ఎరుపు రంగులో, నున్నగా, వేలితో నొక్కితే అణిగిపోయేంత మెత్తగా. ఆరోగ్యంగా ఉన్న మనిషి కాలేయం కూడా అచ్చం అలాంటిదే. కాకపోతే పెద్దది. కిలోన్నర దాకా తూగుతుంది. అదే సిర్రోసిస్ వచ్చిన కాలేయాన్ని చూస్తే నమ్మబుద్ధి కాదు. రంగు మారి, కుంచించుకుపోయి, కాకరకాయ పైతొక్కలా బుడిపెలు బుడిపెలుగా, చేత్తో పట్టుకుంటే రాయిలా తగులుతుంది. అంత మెత్తనిది ఇంత గట్టిగా ఎలా మారింది?

దీన్నలా ఉంచి మరో సంగతి. సాయంత్రమైతే కళ్లు కనిపించని పిల్లలకు మేక కార్జం వండిపెట్టమని వెనకటికి పెద్దవాళ్లు చెప్పేవారు. రేచీకటికి అది మంచి మందే, ఎందుకంటే కార్జంలో విటమిన్-ఎ దండిగా ఉంటుంది. మరి ఆ విటమిన్ కాలేయంలో ఎక్కడ దాక్కుంటుంది?

చూడ్డానికి ఈ రెండు ప్రశ్నలకూ ఏ సంబంధమూ లేదు. కానీ రెండింటికీ జవాబు ఒకటే. అది తేలడానికి శాస్త్రానికి వందేళ్లకు పైనే పట్టింది.

నరాల కోసం వెతికితే...

1876లో కార్ల్ విల్‌హెల్మ్ ఫాన్ కుఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కాలేయంలో నరాలు ఎలా అల్లుకుని ఉంటాయో చూద్దామనుకున్నాడు. కాలేయాన్ని పల్చటి పొరలుగా కోసి గోల్డ్ క్లోరైడ్‌లో నానబెట్టాడు. బంగారంతో చేసిన ఆ ద్రావణం కొన్ని కణాలకు మాత్రమే నల్లగా పడుతుంది. మైక్రోస్కోపులో చూస్తే నరాల మాటేమోగానీ... రక్తం పారే సన్నటి కాలువల పక్కన, నలువైపులా చేతులు చాచిన చుక్కల్లాంటి కణాలు కనిపించాయి. వాటికి ‘స్టెర్న్‌జెల్లెన్’ అని పేరు పెట్టాడు. జర్మన్‌లో నక్షత్ర కణాలు అని అర్థం. ఆ సంగతిని ఓ ఉత్తరంలో తోటి శాస్త్రవేత్తకు రాశాడు.

ఇరవై ఏళ్లు గడిచాక కుఫరే పొరబడ్డాడు. రక్తంలోకి వచ్చిన చెత్తను మింగేసే కణాలు కూడా కాలేయంలో ఉన్నాయి. 1898లో వాటిని చూసి, తాను మొదట చూసిన నక్షత్రాలు ఇవేనని ప్రకటించాడు. అవి వేరు, ఇవి వేరు! కానీ చెప్పింది అంతటి పెద్దాయన కదా... దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో ఆ మాటే నిలబడిపోయింది. మింగే కణాలకు ‘కుఫర్ కణాలు’ అని ఆయన పేరే స్థిరపడింది. అసలు నక్షత్రాలను అందరూ మరిచిపోయారు.

1951లో జపాన్‌లో తోషియో ఇటో అనే శాస్త్రవేత్తకు కాలేయంలో కొవ్వు బొట్లు దాచుకునే కణాలు కనిపించాయి. కొత్తవనుకుని వాటిని ‘కొవ్వు నిల్వ కణాలు’ అన్నారు. ఆ తర్వాత 1971లో జపాన్‌కే చెందిన కెంజిరో వాకే, కుఫర్ వాడిన పాత గోల్డ్ క్లోరైడ్ పద్ధతినే మళ్లీ బయటికి తీశాడు. దాంతో చిక్కుముడి విడిపోయింది. కుఫర్ మొదట చూసిన నక్షత్రాలూ, ఇటో చూసిన కొవ్వు కణాలూ ఒకటే! ఆ కొవ్వు బొట్లలో ఉన్నది విటమిన్-ఎ. అతినీలలోహిత కాంతి పడితే ఆ బొట్లు కాసేపు మెరిసి, చూస్తుండగానే ఆరిపోతాయి. పేరుకు తగ్గట్టు నక్షత్రాలే!

మన శరీరంలోని విటమిన్-ఎలో చాలా భాగం ఈ కణాల్లోనే ఉంటుంది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు ఈ సంగతితో దగ్గరి సంబంధం ఉంది. ఆ సంస్థ చేసిన పరిశోధనల ఆధారంగానే 1970లో దేశంలో పిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్-ఎ నోట్లో పోసే కార్యక్రమం మొదలైంది. ఒక్కసారి పోస్తే ఆరు నెలలు ఎలా సరిపోతుంది? కాలేయం దాన్ని దాచిపెట్టి, కావలసినప్పుడల్లా కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది కాబట్టి. అంగన్‌వాడీలో ఆ తియ్యటి నూనె తాగిన పిల్లల్లో దాన్ని భద్రంగా దాచింది ఈ నక్షత్ర కణాలే.

ఇంత బుద్ధిగా కొట్టు కాపలా కాసే కణం మీద ఎవరికైనా అనుమానం వస్తుందా?

గాయం ఎక్కడ మొదలవుతుంది?

అనుమానం దగ్గరికి వెళ్లేముందు అసలు కాలేయానికి గాయం ఎలా తగులుతుందో చూడాలి. ఇందుకు మనందరి ఇళ్లలో ఉండే జ్వరం బిళ్లకన్నా మంచి ఉదాహరణ లేదు.

పారాసెటమాల్ బిళ్ల వేసుకుంటే అందులో చాలా భాగాన్ని కాలేయం చిన్నచిన్న మార్పులు చేసి మూత్రంలోకి పంపేస్తుంది. ఓ కొద్ది భాగం మాత్రం కాలేయంలోని ఎంజైముల చేతిలో పడి చురుకైన విషంగా మారుతుంది. ఆ విషాన్ని పట్టుకుని నిర్వీర్యం చేయడానికి ప్రతి కాలేయ కణంలోనూ గ్లూటథయోన్ అనే పదార్థం సిద్ధంగా ఉంటుంది. మోతాదులో వేసుకున్నంత వరకూ ఏ ఇబ్బందీ లేదు. ఒకేసారి గుప్పెడు బిళ్లలు మింగితే మాత్రం గ్లూటథయోన్ ఖాళీ అయిపోతుంది. ఇక అడ్డు లేని విషం కణంలోని ప్రొటీన్లకు అతుక్కుని, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. కణం చచ్చిపోతుంది.

ఈ లెక్కంతా 1973లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో జెర్రీ మిచెల్, డేవిడ్ జోలో, బెర్నార్డ్ బ్రాడీ బృందం చిట్టెలుకల మీద తేల్చింది. ఫలితం ఎంత త్వరగా అందిందో చూడండి. గ్లూటథయోన్ ఖాళీ అవడమే కారణమైతే, దాన్ని మళ్లీ నింపితే సరిపోతుంది కదా! స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో లారీ ప్రెస్కాట్ అనే వైద్యుడు 1974లో ఒక మందుతోనూ, 1977లో అంతకన్నా మెరుగైన ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌తోనూ రోగులను కాపాడాడు. ఈ రెండోది అంతకుముందు కఫం పల్చబడటానికి వాడుతున్న మందే! బిళ్లలు మింగిన ఎనిమిది గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. నేటికీ ఆసుపత్రుల్లో అదే విరుగుడు.

అన్నట్టు ఒక మాట. జలుబు బిళ్లల్లో, ఒళ్లునొప్పుల బిళ్లల్లో కూడా చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి, నడుం నొప్పికి ఒకటి అని వేసుకుంటూ పోతే మూడూ ఒకటే మందు కావచ్చు. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవడం మంచిది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కూడా రోజుకు నాలుగు గ్రాములు... అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలైతే ఎనిమిది... దాటకూడదు. మద్యం అలవాటు ఉన్నవాళ్లూ, ముందే లివర్ జబ్బు ఉన్నవాళ్లూ అంత దాకా వెళ్లకుండా డాక్టర్ని అడగాలి.

పారాసెటమాల్ కథలో ఆశ్చర్యం ఇంకొకటి ఉంది. అంత దెబ్బ తిన్న కాలేయం, మనిషి బతికి బట్టకడితే, కొన్ని వారాల్లో దాదాపు మచ్చ లేకుండా మామూలైపోతుంది. కాలేయానికి ఉన్న శక్తి అలాంటిది. ఎలుక కాలేయంలో మూడింట రెండొంతులు కోసేసినా వారం పది రోజుల్లో మళ్లీ దాదాపు అంత బరువూ వస్తుందని హిగ్గిన్స్, ఆండర్సన్ అనే శాస్త్రవేత్తలు 1931లోనే చూపించారు. తండ్రికి కొడుకు లివర్‌లో సగం ఇవ్వగలుగుతున్నాడంటే ఆ శక్తి వల్లే.

మరి ఇంతటి అవయవం సిర్రోసిస్‌కు ఎందుకు లొంగిపోతుంది? ఒక్క దెబ్బకు లొంగదు. ఆగకుండా తగిలే చిన్న దెబ్బలకు లొంగుతుంది. హెపటైటిస్-బి, సి వైరస్‌లు, మద్యం, కొవ్వు... ఏదైనా సరే. ఇవాళ కొన్ని కణాలు, రేపు కొన్ని. మానేలోగా మరో గాయం. ఇలా పదేళ్లు, ఇరవై ఏళ్లు.

ఎలుకల్లో ఈ ఇరవై ఏళ్లను కొన్ని వారాలకు కుదించడానికి పరిశోధకులు కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడతారు. ఒకప్పుడు బట్టల డ్రైక్లీనింగ్‌లోనూ, మంటలార్పే పరికరాల్లోనూ వాడిన ద్రవమే ఇది. వారానికి రెండుసార్లు చొప్పున కొన్ని వారాలు ఇస్తే ఎలుక కాలేయంలో పీచులాంటి మచ్చలు అల్లుకుంటాయి. పాపం ఎలుకలు అనిపిస్తుంది, నిజమే. కానీ వాటి పుణ్యాన తెలిసినదే ఈ కథలో చాలా భాగం.

మీగడలా తేలినవి...

ఆ పీచు కొల్లాజెన్ అనే ప్రొటీన్. చర్మం మీద గాయం మానినచోట గట్టిగా తగిలే మచ్చ కూడా అదే. లివర్‌లో దాన్ని ఎవరు నేస్తున్నారు? కాలేయంలో అధిక సంఖ్యలో ఉండే అసలు కాలేయ కణాలేనేమో అని చాలామంది అనుకున్నారు. నక్షత్ర కణాల మీద కొందరికి అనుమానం వచ్చినా రుజువు చేయడం కష్టమైంది. లివర్‌లో అవి వందకు పది కూడా ఉండవు. వేరుచేసి పట్టుకుంటే కదా పరీక్షించేది!

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫ్రీడ్‌మన్ అనే యువ వైద్యుడు, తన గురువు మాంట్‌గోమరీ బిసెల్ బృందంతో కలిసి ఆ పని చేశాడు. ఎలుక కాలేయాన్ని ఎంజైములతో కరిగించి కణాలను విడదీశారు. వాటిని చిక్కదనం తేడాలున్న ద్రావణంలో వేసి గిర్రున తిప్పారు. నక్షత్ర కణాల నిండా కొవ్వే కదా... మజ్జిగ చిలికితే వెన్న పైకొచ్చినట్టు అవి పైకి తేలాయి. జాగ్రత్తగా తీసి చూస్తే, కాలేయంలోని అన్ని కణాలకన్నా ఎక్కువగా కొల్లాజెన్ తయారుచేస్తున్నవి అవే! 1985లో ఈ ఫలితం అచ్చయింది.

తర్వాతి రోజుల్లో జరిగింది ఇంకా విచిత్రం. గాజు, ప్లాస్టిక్ గిన్నెల్లో పెంచిన నక్షత్ర కణాలు, ఎవరూ ఏమీ చేయకుండానే కొద్ది రోజుల్లో రూపం మార్చేసుకున్నాయి. విటమిన్-ఎ బొట్లు మాయమయ్యాయి. వెడల్పుగా పరుచుకుని, కండరంలా ముడుచుకునే శక్తి తెచ్చుకుని, కొల్లాజెన్‌ను పీచులు పీచులుగా వదలడం మొదలుపెట్టాయి. గాయపడిన లివర్‌లో జరిగేది సరిగ్గా ఇదే. అవే కణాలను మెత్తటి జెల్ మీద పెంచితేనో? బుద్ధిగా విటమిన్ దాచుకుంటూ కూర్చున్నాయి!

ఎందుకలా? ఈ కణానికి స్పర్శ తెలుసు. తన కింద ఉన్నది మెత్తగా ఉంటే అంతా క్షేమమని అనుకుంటుంది. గట్టిగా తగిలితే ఎక్కడో గాయమైందని పనిలోకి దిగుతుంది. గాయమైనచోట చుట్టుపక్కల కణాలు పంపే రసాయన సందేశాలూ... వాటిలో టీజీఎఫ్-బీటా అనేది ముఖ్యమైంది... దాన్ని నిద్ర లేపుతాయి. అంటే మొదట్లో అది చేసేది మంచిపనే. పుండు మీద పక్కు కట్టినట్టు గాయాన్ని కప్పిపెట్టడం దాని డ్యూటీ. చిక్కెక్కడొస్తుందంటే, అది వేసిన కొల్లాజెన్ వల్ల చుట్టుపక్కల ఇంకాస్త గట్టిపడుతుంది. ఆ గట్టితనం ఇంకొన్ని నక్షత్రాలను లేపుతుంది. అవి మరింత పీచు వేస్తాయి. ఎలుకల్లో అయితే మచ్చ కంటికి కనిపించకముందే లివర్ గట్టితనం పెరుగుతుందని 2007లో ఒక పరిశోధన చూపించింది.

ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో చేస్తున్న ఫైబ్రోస్కాన్ పరీక్ష కొలిచేది ఈ గట్టితనాన్నే. పక్కటెముకల మధ్య చిన్నగా తట్టి, ఆ తాకిడి లివర్‌లో ఎంత వేగంగా పరుగెడుతుందో చూస్తారు. మెత్తటి వస్తువులో నెమ్మదిగా, గట్టి వస్తువులో వేగంగా వెళుతుంది. పుచ్చకాయ కొనేముందు తట్టి చూస్తామే, అలాంటిదే అనుకోండి. సూది గుచ్చే పని లేదు.

పీచు పెరిగేకొద్దీ ఏమవుతుంది? మామూలుగా లివర్‌లో రక్తం పారే సన్న కాలువల గోడలకు జల్లెడలా రంధ్రాలుంటాయి. రక్తంలోనిది లివర్ కణానికీ, లివర్ కణంలోనిది రక్తానికీ ఆ రంధ్రాల్లోంచే అందుతుంది. పీచు అడ్డుపడి అవి మూసుకుపోతాయి. పేగుల నుంచి లివర్‌కు వచ్చే రక్తానికి దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. పొట్టలో నీరు చేరడం, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి చిట్లి రక్తం కక్కుకోవడం... సిర్రోసిస్ రోగుల ఇళ్లలో భయపెట్టే ఈ లక్షణాలన్నీ ఆ ఇరుకు దారి నుంచి వచ్చేవే. అంతదాకా చాలామందికి నొప్పీ ఉండదు, తెలియనూ తెలియదు. అదే ఈ జబ్బుతో అసలు బాధ.

వెనక్కి వెళ్లిన మచ్చ

సిర్రోసిస్ వస్తే వెనక్కి వెళ్లేది లేదన్నది చాలాకాలం వైద్యంలో స్థిరపడ్డ మాట. 1998లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో జాన్ ఐర్‌డేల్ బృందం ఆ మాటను ఎలుకల్లో పరీక్షించింది. నాలుగు వారాలు కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇచ్చి మచ్చలు తెప్పించి, ఆ పైన ఆపేశారు. ఇంకే మందూ ఇవ్వలేదు. విషం ఆపారు, అంతే! మరో నాలుగు వారాలకు పీచు చాలావరకు కరిగిపోయి, లివర్ దాదాపు మామూలుగా ఉంది. పనిలోకి దిగిన నక్షత్ర కణాల్లో చాలామట్టుకు తమంతట తామే చనిపోయాయి. కొల్లాజెన్‌ను కోసే ఎంజైములకు అవి అప్పటిదాకా వేసిన కళ్లెం కూడా వాటితోపాటే పోయింది.

అన్నీ చనిపోవని 2012లో మరో రెండు బృందాలు చిట్టెలుకల్లో కనిపెట్టాయి. కొన్ని నక్షత్రాలు పీచు నేయడం మానేసి మళ్లీ నిద్రలోకి జారుకుంటాయి. అయితే ఆ నిద్ర కోడికునుకు. మళ్లీ గాయం తగిలితే మొదటిసారికన్నా త్వరగా లేస్తాయి. మద్యం మానేసి రెండేళ్లయ్యాక ‘ఇప్పుడు బాగానే ఉందిగా, ఒక్క పెగ్గే కదా’ అనేవాళ్లకు ఈ ప్రయోగం గురించి చెప్పాలి.

ఇది ఎలుకల ముచ్చట. మరి మనుషుల్లో? హెపటైటిస్-బి రోగుల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. టెనోఫోవిర్ అనే మందును ఐదేళ్లపాటు వాడిన 348 మందికి మొదట్లోనూ, ఐదేళ్ల తర్వాతా లివర్ ముక్క తీసి పరీక్ష చేశారు. మొదట్లో వాళ్లలో 96 మందికి సిర్రోసిస్ ఉంది. ఐదేళ్ల తర్వాత వాళ్లలో 71 మందికి సిర్రోసిస్ లేదు! ఆ మందు వైరస్‌ను అణిచిపెట్టిందే తప్ప, మచ్చను తాకలేదు. దెబ్బ ఆగితే లివర్ తన పని తాను చేసుకుంది.

అందుకే ‘ఎలాగూ లివర్ పోయింది, ఇప్పుడు మానేసి ఏం లాభం’ అని గ్లాసు పట్టుకునే మాట ఉంది చూశారూ... అది విరక్తితో అన్నా, సరదాకి అన్నా, శాస్త్రం ప్రకారం తప్పు. సిర్రోసిస్ వచ్చాక కూడా మానేసినవాళ్లు, మానని వాళ్లకన్నా ఎక్కువకాలం బతుకుతున్నారు. అందరి మచ్చా కరుగుతుందని కాదు. పొట్టలో నీళ్లు, రక్తపు వాంతులు మొదలయ్యాక వెనక్కి తిరగడం చాలా కష్టం. అక్కడ మార్పిడి ఆపరేషనే దిక్కు కావచ్చు. కానీ ఆ గీత ఎక్కడుందో ఇంట్లో కూర్చుని ఎవరికి వారు తేల్చుకునేది కాదు.

నేల ఉసిరి సంగతి

దెబ్బను ఆపడమంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ఆకుపసరు. కామెర్లకు నేల ఉసిరి నూరి ఇవ్వడం తెలుగు ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది. దీన్ని శాస్త్రం పట్టించుకోలేదనడం సరికాదు. హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బారూక్ బ్లమ్‌బర్గే స్వయంగా పట్టించుకున్నాడు. మద్రాసులో త్యాగరాజన్ బృందంతో కలిసి ఆయన చేసిన అధ్యయనం 1988లో లాన్సెట్‌లో వచ్చింది. నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా అటువైపు తిరిగింది. వేరేచోట్ల మళ్లీ చేసి చూస్తే మాత్రం ఆ ఫలితం రాలేదు. ఆశ మిగిలింది, రుజువు మిగల్లేదు.

మరి పసరుతో కామెర్లు తగ్గాయంటారే! కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఇ ఎక్కువ మందిలో వాటంతట అవే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. పేరు పసరుకు వస్తుంది. ఆ కామెర్లు బి వల్లో, సి వల్లో వచ్చినవైతే... పసుపు రంగు పోతుంది, వైరస్ లోపలే ఉండిపోవచ్చు. నక్షత్ర కణాలు నిద్ర లేచేది ఆ తర్వాతే. అందువల్ల పసరు తాగినా తాగకపోయినా, కామెర్లు వచ్చినవాళ్లు రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే. దేశంలో 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్షలూ మందులూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

హెపటైటిస్-బి రాకుండా టీకా ఉంది. మన దేశంలో జన్యుపరిజ్ఞానంతో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. హెపటైటిస్-సికి టీకా లేదుగానీ, పన్నెండు వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. ఆ మాత్రలను తక్కువ ధరకు తయారుచేస్తున్న భారతీయ కంపెనీల్లో హైదరాబాద్‌వీ ఉన్నాయి.

తెల్లకొవ్వు లెక్కలు

వైరస్‌ల దారి ఇలా మూసుకుపోతుంటే, మరో దారి వెడల్పవుతోంది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన ఒక అధ్యయనం 2025లో ప్రచురితమైంది. వాళ్లలో 84 శాతం మంది లివర్‌లో కొవ్వు పేరుకుంది. మద్యం ముట్టనివాళ్లకూ ఇది వస్తుంది. రోజంతా కుర్చీ, రాత్రి ఆలస్యంగా భోజనం, నడుం చుట్టూ కొవ్వు, సుగర్. అందరికీ అది సిర్రోసిస్ దాకా పోదు. కొందరిలో మాత్రం ఆ కొవ్వే రోజువారీ గాయంగా మారి నక్షత్రాలను లేపుతుంది.

నేరుగా నక్షత్ర కణాన్నే కట్టడి చేస్తే పోలేదా అని మందుల కంపెనీలు చాలా ప్రయత్నించాయి. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసిన సెలాన్‌సెర్టిబ్, సింటుజుమాబ్ వంటివి మనుషుల్లో చతికిలబడ్డాయి. ఎలుక మచ్చ వయసు కొన్ని వారాలు. మనిషి మచ్చ వయసు ఇరవై ఏళ్లు. ఏళ్ల తరబడి పీచుకు పీచు ముడిపడి బిగుసుకుపోయిన దాన్ని నిన్నటి మచ్చతో పోల్చడమే చిక్కు.

చివరికి గెలిచినవి వేరే దారిలో వచ్చాయి. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన రెస్మెటిరోమ్ పనిచేసేది నక్షత్ర కణం మీద కాదు, కాలేయ కణంలోని కొవ్వు మీద. 966 మంది మీద జరిగిన ప్రయోగంలో, ఏడాది తర్వాత మచ్చ ఒక మెట్టయినా తగ్గినవాళ్లు మందు వేసుకున్నవాళ్లలో నూటికి 24 నుంచి 26 మంది. ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో 14 మంది. ఇదే జబ్బుకు 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌కూ అక్కడ అనుమతి వచ్చింది. లెక్కలు చూస్తే ఇవి అద్భుతాలేం కావు. క్యూబాలో 293 మందితో జరిగి 2015లో వచ్చిన అధ్యయనంలో, తిండి తగ్గించి, నడిచి, ఒంటి బరువులో పదోవంతు తగ్గించుకున్నవాళ్లలో 45 శాతం మందికి మచ్చ తగ్గింది. ఎనభై కిలోల మనిషి ఎనిమిది కిలోలు తగ్గడమన్నమాట. చెప్పినంత తేలిక కాదు. ఆ అధ్యయనంలోనూ అంత తగ్గగలిగినవాళ్లు పదిమందిలో ఒక్కరే.

మింగే కణాలే మందు?

కుఫర్ తన నక్షత్రాలనుకుని పొరబడిన ఆ మింగే కణాలు గుర్తున్నాయా? కథలో వాటి వంతు ఇప్పుడొచ్చింది. అవి మాక్రోఫేజ్ అనే జాతికి చెందినవి. 2005లో చిట్టెలుకల మీద ఓ ప్రయోగం చేశారు. గాయం తగులుతున్న సమయంలో మాక్రోఫేజ్‌లను తీసేస్తే మచ్చ తక్కువగా పడింది. గాయం ఆగి, మానుతున్న సమయంలో తీసేస్తే మచ్చ కరగకుండా ఉండిపోయింది. నక్షత్రాలను రెచ్చగొట్టేవీ అవే, చివర్లో వచ్చి పీచును కోసి ఊడ్చేవీ అవే!

అయితే ఊడ్చే దశలో ఉన్న మాక్రోఫేజ్‌లనే బయట తయారుచేసి లోపలికి పంపితే? ఎడిన్‌బరోలో అదే చేశారు. సిర్రోసిస్ రోగి రక్తంలోంచి తెల్లకణాలను తీసి, ప్రయోగశాలలో వారం రోజులు పెంచి మాక్రోఫేజ్‌లుగా మార్చి, తిరిగి అదే మనిషికి ఎక్కించారు. 2019లో ప్రచురితమైన తొలి ప్రయోగంలో తొమ్మిది మందికి. ఎవరికీ ప్రమాదం జరగలేదు. తర్వాత సుమారు 50 మందితో పెద్ద ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2025లో వచ్చాయి. ప్రధానంగా కొలవాలనుకున్న లివర్ స్కోరులో, మూడు నెలలకు రెండు వర్గాల మధ్య తేడా గట్టిగా రుజువు కాలేదు. కణాలు ఎక్కించుకున్నవాళ్లకు మాత్రం వాటివల్ల హాని కలగలేదు. మరింత శక్తిమంతంగా పీచును కోసేలా ఆ కణాలను తీర్చిదిద్దే పనిలో ఇప్పుడు పరిశోధకులు ఉన్నారు.